పొట్టేలు కాళ్ళు పట్టేదెవరు

పెటీ మార్టినిక్,
ఫిబ్రవరి, ఆదివారం

ఇస్మే క్యూడ్జోకి,

నా చేతిరాత చూడగానే చించెయ్యకు. ముందు చదువు, తర్వాత నీ ఇష్టం. ఫోన్ చెయ్యొచ్చుగా అంటావు. చెయ్యొచ్చు. కానీ నీ గొంతు చెవిలో పడితే చేతిలో ఏముంటే అది గోడకేసి కొడతాను, ఇంట్లో కప్పులు ఇప్పటికే తక్కువగా ఉన్నాయి. అందుకే ఫెర్రీ సరంగు చేత కాయితం పంపుతున్నాను.

పని ఇది. ఈస్టర్ వెళ్ళిన శనివారం నీ కాటమరాన్ మాకు అద్దెకి కావాలి. పొద్దున్నించి సాయంత్రం దాకా, పడవ మొత్తం, మా వాళ్ళకి మాత్రమే. మధ్యలో టూరిస్టుల్ని ఎక్కించకూడదు. మా అమ్మ అడీనా, మేనత్తలు, పిల్లలు, డప్పులవాళ్ళు, అందరం కలిపి పడవ నిండుతాం. తెల్లవాళ్ళకి ఏ అద్దె చెప్తావో అదే మాకూ చెప్పు. తగ్గించమని నేను అడగను, తగ్గిస్తానని నువ్వనకు.

మా అన్న కత్‌బర్ట్ సమాధి రాయి ట్రినిడాడ్ నించి వచ్చింది. అమ్మ దాన్ని వాడి మంచం మీద పడుకోబెట్టి తెల్లదుప్పటి కప్పింది. రాయి నిలబెట్టి విందు పెట్టేలోగా వాడు పోయిన చోటికి వెళ్ళి వాణ్ణి ఇంటికి పిలుచుకు రావాలంటుంది. వాడు నేల మీద పోలేదు కదా. ఇసక దీవి దాటాక, పగడపు దిబ్బల మధ్య పాయలో, నీ పడవ డెక్కు మీద పోయాడు. ఆ డెక్కు కాకపోతే మాకు వేరే చోటు లేదు.

ఇంకో మాట. మీ తమ్ముడు ఎల్డన్‌ని జైలు నించి ఈ నెల్లోనే వదిలేస్తున్నారట. మా తమ్ముడు రూఫస్ రోజూ జెట్టీ మీద కూచుని వచ్చే బోటూ పోయే బోటూ చూస్తున్నాడు. పక్కన సానరాయి ఉంటుంది. నేను బెదిరించడం లేదు, చూసింది రాస్తున్నాను.

క్లెమెన్సియా రోష్


టిరెల్ బే, కరియాకూ,
ఫిబ్రవరి, గురువారం

క్లెమెన్సియా రోష్ గారికి,

గారు ఎందుకంటే, నా పడవలో ఎక్కేవాళ్ళందర్నీ గారనే పిలుస్తాను. నువ్వు ఎక్కవు కాబట్టి ఇదే ఆఖరుసారి.

పడవ ఇవ్వను. నీ తమ్ముడు క్రిస్మస్ ముందు ఏం చేశాడో నీకు తెలీదా? నా దగ్గర పనిచేసే జోసయ్య, ఎవరి జోలికీ పోని మనిషి, పండుముసలాడు, జెట్టీ మీద తాడు చుట్టుకుంటుంటే వెనకనించి వచ్చి దవడ పగలగొట్టాడు. పళ్ళు పలకల మీద పడ్డాయి. ఇప్పటికీ ఇనపతీగె కట్టుకుని గొట్టంతో గంజి తాగుతున్నాడు. తర్వాతి వారం నా కుక్కని చంపి పడవ లంగరు తాడుకి వేలాడదీశారు. నా కూతురు ఆనెట్ చూసింది ముందు. పొద్దున్నే కాఫీ కప్పు పట్టుకుని బయటికొచ్చి చూసింది. ఆ రోజునించి అది పడవ ఎక్కట్లేదు.

అదంతా చేసి ఇప్పుడు శనివారం షికారుకి పడవ కావాలా? డప్పులూ మేనత్తలూనా? నీకు సిగ్గులేకపోతే పోయింది, నన్ను కూడా వదిలెయ్యమంటావా?

ఎల్డన్ ఎప్పుడొస్తాడో, ఏ బోటులో వస్తాడో, నీకూ నీ సానరాయిగాడికీ అనవసరం. కోర్టు వేసిన శిక్ష తొమ్మిదేళ్ళు అనుభవించాడు. రూఫస్ ఇంకో శిక్ష వేస్తానంటే ఈసారి జోసయ్య కాదు ఎదురుగా ఉండేది, నేనుంటాను. నా దగ్గర లంగరుంది.

ఇస్మే


పెటీ మార్టినిక్,
మార్చి మొదలు

ఇస్మే,

కుక్క సంగతి నాకు తెలీదు. నీ ఉత్తరం చదివి నేరుగా జెట్టీకి వెళ్ళాను. రూఫస్‌ని అడిగితే ముందు కాదన్నాడు, తర్వాత నవ్వాడు. ఆ నవ్వు చూసి అక్కడున్న తెడ్డు తీసుకుని వీపు చిట్లేలా కొట్టాను. మగాళ్ళంతా చూస్తూ నిలబడ్డారు. వాడు చెయ్యెత్తలేదు. ఆనెట్‌కి చెప్పు. దాని జ్ఞానతల్లి కొట్టిందని చెప్పు.

అవును, అది గుర్తుంది నాకు. ఆ పిల్లని తొట్టి దగ్గర ఎత్తుకుని బాప్తిస్మం ఇప్పించింది నేనే. అప్పట్నించి మనం, బిడ్డ తల్లీ జ్ఞానతల్లీ ఒకర్నొకరు పిలుచుకునే మాటతో, 'మక్‌మే, మక్‌మే' అని పిల్చుకుంటుంటే ఈ దీవిలో వాళ్ళూ ఆ దీవిలో వాళ్ళూ వెక్కిరించేవాళ్ళు. ఆ మాట ఇప్పుడు నా నోట్లోంచి రాదు.

ఎందుకు రాదో చెప్తాను. ఆ రోజు పడవ పందేలు చూసి అందరం నీ కాటమరాన్‌లో వెనక్కొస్తున్నాం. మా పడవ గెలిచిందని కత్‌బర్ట్, మలుపు గుర్తుగా తేలే జెండా బోయాకి అది తగిలింది కాబట్టి చెల్లదని ఎల్డన్. తాగి ఉన్నారు ఇద్దరూ. మావాడు ముందు కొట్టాడు, కాదనను. తాళ్ళు బిగించే ఇనప పిడితో నీ తమ్ముడి మొహం మీద కొట్టాడు. ఎల్డన్ చేతిలో చేపలు కోసే కత్తి ఉంది. ఒక్కసారే. పొత్తికడుపులో దింపి పైకి లాగాడు. మా అన్న పేగులు నేను నా గౌనులో పట్టుకున్నాను ఇస్మే. వేడిగా ఉన్నాయి. జారిపోతున్నాయి. 'ఇస్మే, రావే, పట్టుకోవే' అని అరిచాను. నువ్వు చుక్కాని వదల్లేదు. తల తిప్పి చూశావు, మళ్ళీ ముందుకి తిరిగావు. అంతే. ఎల్డన్‌ని ఏదో ఒక రోజు క్షమిస్తానేమో గానీ, ఆ తల తిప్పడం మాత్రం క్షమించను.

అమ్మకి నిద్ర లేదు. కత్‌బర్ట్ కల్లోకొస్తున్నాడు. తడిసి ముద్దయి గుమ్మంలో నిలబడి ఆకలంటాడట. రాయి నిలబెట్టి, బల్ల మీద వాడి కంచం పెడితే గానీ పోడు. రూఫస్ కూడా ఆ కలకే పిచ్చెక్కిపోతున్నాడు. రాయి లేచిందంటే వాడి చేతిలో సానరాయి దిగుతుందని నా ఆశ. లేవకపోతే ఎల్డన్ దొరికిన రోజు పొడుస్తాడు. నీ తమ్ముడు బతకాలని నీకుంటే ఆలోచించు.

ఇంకోటి. అమ్మ అంటుంది, మీ పడవ నీళ్ళలోకి దిగిన రోజు మీరు పొట్టేలు కొయ్యలేదని. అందుకే అది మనిషిని తిన్నదని. ఈసారి డెక్కు మీద పొట్టేలు పడాలి. రూఫస్ రాడు. నాది పూచీ.

క్లెమెన్సియా


టిరెల్ బే,
మార్చి, వాన రోజు

క్లెమెన్సియా,

రెండు రోజులు నీ ఉత్తరం డబ్బాలో పడేశాను. మూడోరోజు తీసి మళ్ళీ చదివాను.

చుక్కాని వదల్లేదు, నిజమే. రెండు దిబ్బల మధ్యలో ఉన్నాం, గాలి పక్కనించి కొడుతోంది, పిల్లలతో కలిపి పడవ నిండా మనుషులు. వదిలితే అందరం పగడం మీదికెక్కేవాళ్ళం. కోర్టులో అడిగారు, చెప్పాను, సరే అన్నారు. నువ్వు సరే అనవని నాకు తెలుసు. నాకు నేనూ సరే అని చెప్పుకోలేదు.

పొట్టేలు మాట కూడా నిజమే. ఆ పడవ ఒక ఫ్రెంచివాడి దగ్గర కొన్నది. మా నాన్న చెక్క పడవలు కట్టినంతకాలం ప్రతిదానికీ పొట్టేల్ని కోసి, రమ్ము చల్లి, అప్పుడే దింపాడు. దీన్ని చూసి మాత్రం 'ఇది పడవ కాదే, స్నానాల తొట్టి, తొట్టికి పొట్టేలెందుకు' అని నవ్వాడు. ఊరంతా నవ్వారు. ఇప్పుడెవరూ నవ్వట్లేదు.

పడవ ఇస్తాను. నా షరతులు విను. రూఫస్ ఎక్కకూడదు. కొడవళ్ళు, చేప కత్తులు, గొడ్డళ్ళు ఏవీ ఎక్కకూడదు. అందరి సంచులూ జెట్టీ మీద విప్పించి చూస్తాను, మీ మేనత్తలు తిట్టుకున్నా సరే. పొట్టేలు పడేదాకా రమ్ము సీసా తియ్యకూడదు. కత్తి ఒక్కటే ఉండాలి. డెక్కు మీద ఉన్న తాళ్ళు బిగించే పిడులన్నీ ముందే తీసి లోపల పెట్టి తాళం వేస్తాను.

పొట్టేలు కాళ్ళు పట్టడానికి పడవ వాళ్ళింటి మగవాడే ఉండాలంటారు మీవాళ్ళు, నాకూ తెలుసు. జోసయ్య పడతాడు. దవడ విరిగింది గానీ చేతులు బాగానే ఉన్నాయి. ఎల్డన్ ఇంకా రాలేదు. వచ్చినా గ్రెనడాలోనే ఉంటాడు.

ఇస్మే


పెటీ మార్టినిక్,
మార్చి చివర

ఇస్మే,

నువ్వు అబద్ధం రాశావు. నేనూ రాశాను. లెక్క సరిపోయింది కాబట్టి ఇప్పుడు నిజాలు రాసుకుందాం.

ఎల్డన్ వచ్చేశాడు. నీ పడవ అడుగు గీకుతూ ఒకడున్నాడని, తలెత్తకుండా పనిచేస్తున్నాడని, ముక్కు వంకరగా అతుక్కుని ఉందని చేపలవాళ్ళు చెప్పారు. ఆ ముక్కు పగలగొట్టింది మా అన్నే. కాబట్టి ఇంకెవరో అని చెప్పకు.

నా అబద్ధం: రూఫస్ రాడన్నాను. వస్తాడు. పొట్టేలు గొంతు చచ్చినవాడి తోడబుట్టిన మగవాడే కొయ్యాలని అమ్మ పట్టు. నేను ఉత్తరం రాసేనాటికే ఆ సంగతి నాకు తెలుసు. చెప్తే నువ్వు పడవ ఇవ్వవని దాచాను. ఇంకా ఉంది. కాళ్ళు పట్టేవాడు జోసయ్య అయితే చెల్లదట. కూలికి పెట్టుకున్నవాడు కాదు, పడవ యజమాని రక్తం కావాలంట. మీ ఇంట్లో మిగిలిన మగవాడు ఎవడో మీకూ మాకూ తెలుసు.

రూఫస్ ఈ మాట విని ఏమన్నాడో చెప్పకూడదు. చెప్తున్నాను. 'పొట్టేలు కాళ్ళు పట్టినవాడు మోకాళ్ళ మీద కూచుంటాడు. రెండు చేతులూ ఖాళీ ఉండవు. మెడ వంచుకుని ఉంటాడు. దాని మెడకీ వాడి మెడకీ మధ్య జానెడు కూడా ఉండదు' అన్నాడు. మొక్కజొన్న పిండితో చేసే కూకూ ముద్ద తింటూ చెప్పాడు, ఉప్పు తక్కువైందన్నట్టు. అమ్మ వినలేదు. నేను విన్నాను.

వాడు నా తమ్ముడు. నాకిక మిగిలింది వాడొక్కడే. అయినా రాస్తున్నాను. ఎల్డన్‌ని రేపటి ఫెర్రీలో గ్రెనడా పంపెయ్. మేం అడిగినా, అమ్మ ఏడ్చినా తీసుకురాకు. రాయి నిలబడకపోతే పోనీ.

ఈ కాయితం కాల్చెయ్.

క్లెమీ


టిరెల్ బే,
ఏప్రిల్, పవిత్ర వారం

క్లెమీ,

నీ ఉత్తరం కాల్చేశాను. కాల్చేముందు ఎల్డన్‌కి చదివి వినిపించాను. తప్పా? తప్పే కావచ్చు.

నీ ఉత్తరం రావడానికి ఒకరోజు ముందే మీవాళ్ళు ముగ్గురు వచ్చారు. మిట్టమధ్యాహ్నం, ఎండలో, జనం చూస్తుండగా. మా చిన్న బోటు మీద పెట్రోలు పోసి తగలబెట్టారు. ఎల్డన్ ఆర్పడానికి పరిగెత్తితే ఒకడు కొడవలి విసిరాడు. ఎడమ చెవి సగం తెగి భుజమ్మీద వేలాడింది. వాడు ఆ చెవిని చేత్తో పట్టుకుని నిలబడ్డాడు, అంతే, తిరిగి కొట్టలేదు. నేను కొట్టాను. చిన్న లంగరు తిప్పి ఆ కొడవలివాడి మోకాలి మీద వేశాను. ఎముక విరిగిన చప్పుడు ఒడ్డుదాకా వినిపించింది. నాకు తృప్తిగా అనిపించింది క్లెమీ. అది రాయాలి కదా, నిజాలు రాసుకుందామన్నావుగా.

నర్సమ్మ చెవి కుట్టేసింది. ఎల్డన్ తొమ్మిదేళ్ళ తర్వాత వచ్చాడు గానీ మాటలు అక్కడే వదిలేసి వచ్చాడు. తిండి పెడితే తింటాడు, పని చెప్తే చేస్తాడు. గ్రెనడా వెళ్ళరా అంటే తల అడ్డంగా ఊపాడు. అరిచాను. చెంప మీద కొట్టాను, కుట్లున్న పక్క కాదు. అప్పుడన్నాడు: 'అక్కా, పొట్టేలు కాళ్ళు నేనే పడతాను. వాళ్ళమ్మకి నిద్రపట్టాలి.'

వాడు ఎక్కుతాడు. ఆపలేను. నేను చుక్కాని దగ్గర ఉంటాను, పాయ మధ్యలో లంగరు దిగదు, నీకు తెలుసు, లోతు. ఎవరో ఒకరు పడవని పట్టుకునే ఉండాలి. మళ్ళీ అదే చోటు, మళ్ళీ నా చేతులు చుక్కాని చక్రం మీద.

కాబట్టి నిన్నొకటి అడుగుతున్నాను. ఆ ఒక్క కత్తీ నీ దగ్గర ఉంచుకో. నీ రొట్టెల బుట్టలో పెట్టుకుని నువ్వే ఎక్కించు. రూఫస్ చేతికి ఎప్పుడివ్వాలో, ఎంతసేపు ఇవ్వాలో నీ చేతుల్లో ఉంటుంది. నా తమ్ముడి ప్రాణం నీకిస్తున్నాను. వేరే ఎవరికీ ఇవ్వలేను.

ఈస్టర్ వెళ్ళిన శనివారం పొద్దున జెట్టీకి వస్తాను.

ఇస్మే


సెయింట్ జార్జెస్, గ్రెనడా, ఆసుపత్రి,
ఏప్రిల్, బుధవారం

క్లెమెన్సియా,

అక్షరాలు వంకరగా ఉన్నాయి, ఎడం కన్ను తెరుచుకోవట్లేదు. తల మీద కుట్లున్నాయని, పుర్రె చిట్లిందని చెప్పారు. ఇంకేమీ చెప్పట్లేదు. ఆనెట్ వచ్చి మంచం పక్కన కూచుని ఏడుస్తుంది, మామయ్య ఏడే అంటే ఇంకా ఏడుస్తుంది. ఎల్డన్ రాలేదు. వాడు కాళ్ళతో నడవగలిగితే రాకుండా ఉంటాడా? పోలీసాయన గుమ్మం దాకా వచ్చి, డాక్టరుతో గుసగుసలాడి వెళ్ళిపోయాడు.

నాకు గుర్తున్నది ఇదీ. డప్పులు ఆగాయి. మీ అమ్మ నీళ్ళలో రమ్ము పోసి, మొక్కజొన్న చల్లి 'కత్‌బర్ట్, ఇంటికి రా నాయనా' అంది. ఎల్డన్ నా ఎదురుగానే మోకాళ్ళ మీద కూచున్నాడు, పొట్టేలు నాలుక్కాళ్ళూ కలిపి పట్టుకుని. కుట్టిన చెవి నాకు కనిపిస్తోంది. రూఫస్ వాడి పైన నిలబడి నీవైపు చెయ్యి చాపాడు. నువ్వు బుట్టలోంచి కత్తి తీశావు. ఎండలో తళుక్కుమంది. వాడివైపు నడిచావు.

అంతే చూశాను. తర్వాత ఎవరో అరిచారు, ఆపైన అంతా చీకటి.

ఇచ్చావా? వాడి చేతికి కత్తి ఇచ్చేశావా? ఎంతైనా తమ్ముడే కదా. నేను నా తమ్ముడి ప్రాణం నీ బుట్టలో పెట్టాను, నువ్వు దాన్ని రొట్టెముక్కలా అందించేశావా? అలా జరిగుంటే చెప్పు. మొహమాటపడకు. ఈ మంచం దిగిన రోజు ఈత కొట్టుకుంటూనైనా మీ దీవికి వస్తాను. నీ కడుపులో చెయ్యి పెట్టి, నువ్వు మీ అన్నవి పట్టుకున్నట్టే పట్టుకుంటాను.

చెప్పు. ఎల్డన్ ఉన్నాడా, లేడా?

ఇస్మే


గ్రెనడా, జైలు, ఆడవాళ్ళ వైపు,
ఏప్రిల్ చివర

ఇస్మే,

ఉన్నాడు.

ముందు అదే రాశాను, మిగతాది తర్వాత చదువుకో. వీపు మీద రెండు పక్కటెముకలు విరిగాయి, బతికే ఉన్నాడు. రూఫస్ మీద సాక్ష్యం చెప్పాలని కరియాకూ పోలీసులు వాణ్ణి దీవి దాటనివ్వట్లేదు. ఆనెట్ ఏడుపు నీ తల చూసి. పిచ్చిదానా.

నేను రాస్తున్న చోటు పైన చూశావుగా. తిట్టు, తిట్టిన తర్వాత విను.

కత్తి తీశాను, వాడివైపు నడిచాను, నిజమే. రూఫస్ అరచెయ్యి తెరిచి ఉంది. వాడి కళ్ళు చూశాను. ఇస్మే, వాడు పొట్టేలు వంక చూడట్లేదు. ఎల్డన్ మెడ వంక, వెనకనించి జుట్టు మొదలయ్యే చోటు చూస్తున్నాడు. అమ్మ 'ఇవ్వవే, ఇవ్వు' అంటోంది. నేను వాడి చేతిని దాటుకుని వెళ్ళి, కూచుని, పొట్టేలు గొంతు నేనే కోశాను. ఆడది కొయ్యకూడదంటారు. కోశాను. రోజూ రొట్టెలు కోసే చెయ్యే కదా. నెత్తురు ఎల్డన్ మోచేతుల దాకా చిమ్మింది, నా మొహాన పడింది, డెక్కు మీద పారింది. మేనత్తలు గుండెలు బాదుకున్నారు.

తాళ్ళు బిగించే పిడులన్నీ లోపల పెట్టి తాళం వేస్తానన్నావు. ఒకటి మిగిలిపోయింది. లేకపోతే రూఫస్ తనే ఎక్కడో దాచి తెచ్చుకున్నాడు, మా అన్న కొట్టింది దాంతోనే కదా, అదే దాచుకుని ఉంటాడు ఇన్నాళ్ళూ. చొక్కా కింద నించి తీసి ఎల్డన్ వీపు మీద కొట్టాడు. పొట్టేలు ఇంకా తన్నుకుంటోంది. సగం తెగిన పొట్టేల్ని వదిలితే చచ్చినవాడు ఇంటికి రాడు, నీకు తెలుసు, వాడికీ తెలుసు. ఎల్డన్ వదల్లేదు. మళ్ళీ కొట్టాడు. ఎముక విరగడం విన్నాను. వదల్లేదు. పళ్ళు బిగించి, ఆ నాలుగు కాళ్ళూ గుండెకి అదుముకుని కూచున్నాడు. మూడోది తల మీదికి ఎత్తాడు రూఫస్.

అప్పుడు నువ్వు వచ్చావు. నీకు గుర్తులేదు, నేను చూశాను. చక్రం వదిలేశావు. అదే పాయ, రెండు పక్కలా అవే దిబ్బలు, వదిలేసి పరిగెత్తుకొచ్చి మీ తమ్ముడి తల మీద పడ్డావు. ఆ దెబ్బ నీకు తగిలింది. గుమ్మడికాయ మీద కొట్టినట్టు చప్పుడైంది. పడవ పక్కకి ఒరిగింది, డబ్బాలన్నీ దొర్లాయి, పిల్లలు కేకలు. జోసయ్య పాక్కుంటూ వెళ్ళి చక్రం పట్టుకున్నాడు. అడుగు పగడానికి గీసుకున్న చప్పుడు విన్నాం, అంతే, బయటపడ్డాం.

రూఫస్ నాలుగోసారి ఎత్తాడు. ఎవరి మీదికో నాకు తెలీదు, వాడికీ తెలీదేమో. నా చేతిలో కత్తి ఉంది. వాడి మణికట్టులో గుచ్చి తిప్పాను. ఈ పక్కనించి దిగి ఆ పక్కకొచ్చింది. పిడి కింద పడింది. వాడు కేక పెట్టలేదు. 'అక్కా' అన్నాడు, చిన్నప్పుడు ముల్లు గుచ్చుకుంటే అన్నట్టు. ఆ ఒక్క మాట తప్ప మిగతాదంతా భరించగలను.

కోర్టులో చెయ్యెత్తి చూపించాడు. వేళ్ళు ముడవట్లేదు. నేనే పొడిచానని ఒప్పుకున్నాను, జడ్జి వెంటనే నాకు మూడేళ్ళు వేశాడు. పోలీసులు సాక్ష్యం చెప్పమన్నప్పుడు అమ్మ నోరు విప్పలేదు, నా వంక చూడనూ లేదు. రాయి ఇంకా మంచం మీదే ఉంది. దాన్ని మోసేవాడికి ఒక చెయ్యి లేదు, వండేదాన్ని నేనిక్కడున్నాను.

ఒకటి చెప్పాలని ఆ శనివారం నించీ కడుపులో ఉంది. అన్న పోయిన రోజు నువ్వు తల తిప్పి మళ్ళీ ముందుకి తిరగడం చూసి తొమ్మిదేళ్ళు నిన్ను ద్వేషించాను. మొన్న నువ్వు చక్రం వదిలాక, పడవ ఒరిగి, మా మేనత్త మనవరాలు జారిపోతూ నా గౌను పట్టుకుంది. అప్పుడు తెలిసింది నువ్వు ఎందుకు తిరిగావో. ఆ రోజు నువ్వు వదలకపోవడం వల్లే మేం ఇంటికొచ్చాం. తెలిసినా ఏడుపు ఆగట్లేదు.

ఇక్కడ రొట్టె రాయిలా ఉంటుంది. నేను చేసి పెడతానంటే వంటగదిలోకి రానివ్వట్లేదు, కత్తులుంటాయట.

క్లెమీ


పెటీ మార్టినిక్, మీ వంటగదిలోంచి,
జూన్, విందు మర్నాడు

మక్‌మే,

అవును, పైన రాసింది సరిగ్గానే చదివావు. మీ బల్ల మీద, నీ పిండి జల్లెడ పక్కకి జరిపి రాస్తున్నాను.

నిన్న కాటమరాన్ మీ జెట్టీకి తెచ్చాను. ఎవరూ అద్దెకడగలేదు, నేనే తెచ్చాను. ఎల్డన్ ముందు దిగాడు. జెట్టీ మీద మీ ఊరంతా ఉంది. మోకాలు విరిగినవాడు కర్ర పట్టుకుని ఉమ్మేశాడు. ఎవరూ దారి ఇవ్వలేదు. వాళ్ళ మధ్యలోంచి భుజాలు ఒరుసుకుంటూ నడిచాం. రూఫస్ మీద ఎల్డన్ సాక్ష్యం చెప్పలేదు, పోలీసులు వదిలేశారు. వాడు మీ అరుగు మీద ఉన్నాడు, చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, అది తనది కానట్టు. లేచాడు. నేను ముందుకి రాబోయాను. ఎల్డన్ నన్ను వెనక్కి లాగి వాడి ఎదురుగా నిలబడ్డాడు, చేతులు రెండూ కిందికి వదిలేసి. రూఫస్ బాగున్న చేత్తో గొంతు పట్టుకున్నాడు. నొక్కాడు. ఎల్డన్ మొహం నల్లబడింది.

మీ అమ్మ బయటికొచ్చింది. రూఫస్‌ని పేరు పెట్టి పిలిచింది, ఒక్కసారే. వాడు వదిలేసి ఇంటి వెనక్కి వెళ్ళిపోయాడు, అక్కడ ఏదో పగలగొట్టడం వినిపించింది. అప్పుడు మీ అమ్మ ఎల్డన్ దగ్గరికొచ్చి చెంప మీద కొట్టింది. కుట్టిన చెవి మీదే. నెత్తురు కారింది. ఇంకో చెంప మీద కొట్టింది. చేతులు నొప్పెట్టేదాకా కొట్టింది, నేను గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. ఆపితే మళ్ళీ ఎప్పటికీ అవదని తెలుసు. తర్వాత ఆయాసంతో, 'రాయి బరువు. ఒక్కడివి మొయ్యగలవా?' అని అడిగింది.

మోశాడు. పక్కటెముకలు ఇంకా అతుక్కోలేదు. దుప్పటితో సహా వీపుకెత్తుకుని ఆ కొండ ఎక్కాడు, డప్పులు వెనకాల. మధ్యలో రెండుసార్లు మోకాళ్ళ మీద పడ్డాడు. రెండోసారి రూఫస్ ఎక్కడినించో వచ్చాడు. రాయి కిందికి భుజం పెట్టి ఎత్తాడు. ఇద్దరూ ఒకరి వంక ఒకరు చూసుకోలేదు. చూసుకుంటారని నేను అనుకోను, ఎప్పటికీ. కానీ రాయి లేచింది.

వంట నేను చేశాను. మీ అమ్మ కూకూలో ఉప్పు లేదంది. కత్‌బర్ట్ కంచం పెట్టి తలుపేశాం. పొద్దున మీ అమ్మ తెరిచి చూసి, 'వాడు కల్లోకి రాలేదు, నేను నిద్రపోయాను' అంది. బల్ల మీద రెండో కంచం ఉంది. అది ఎవరిదో అడిగితే చెప్పలేదు. నీ నీలం పువ్వుల కంచం. చచ్చినవాళ్ళకి కాదే, వచ్చేవాళ్ళకి పెట్టింది.

పడవ బాగుచేశాను. అడుగున పగడం గీసిన గీత మాత్రం అలాగే ఉంచాను. డెక్కు కడిగాను, పొట్టేలు నెత్తురు చెక్కు చెదరకుండా ఒక మూల మిగిలింది, ఎంత తోమినా పోదు. తోమడం మానేశాను.

మొన్న టిరెల్ బేకి ఒక తెల్లాయన వచ్చి పడవ ముందుగానే అద్దెకి మాట్లాడుకుంటానన్నాడు, ఇంకో రెండేళ్ళ పైమాట, పెళ్ళి బృందం, పడవ మొత్తం. తారీకు చెప్పాడు. నేను లేదన్నాను. ఆ రోజు నువ్వు జైలు గేటు దాటి రేవుకి వస్తావు. ఆ రోజుకి పడవ మొత్తం ఒక మనిషి పేరు మీద రాసేశాను. ఎల్డన్ తాళ్ళు పడతాడు, చక్రం నేను పడతాను. నువ్వు ఏమీ పట్టుకోనక్కర్లేదు. ఊరికే కూచో.

మక్‌మే ఇస్మే